అడ్డు తగలని ఇల్లు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, జనం తికమకపడుతుంటే పక్కన కూర్చుని చూడడం అని చెబుతాను. అందరూ నవ్వుతారు. నిజమే చెబుతున్నానని ఎవరూ అనుకోరు.

కాకినాడలో ఒక మేడలో రెండో అంతస్తు మా ఆఫీసు. బస్సు టికెట్ల సైట్లు, కుళాయి పన్ను కట్టే సైట్లు, ఆసుపత్రి సైట్లు తయారుచేసేవాళ్ళు వాటిని జనంలోకి వదిలే ముందు మా దగ్గరికి పంపుతారు. మేం బయటి మనిషిని ఒకరిని పిలిచి తెర ముందు కూర్చోబెట్టి, "ఇందులో రేపటికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి" అంటాం. ఆ మనిషి లోపల అనుకునేదంతా పైకి అంటూ పని చెయ్యాలి. ఎక్కడ ఆగాడో, ఎక్కడ నుదురు చిట్లించాడో మేం గమనిస్తాం. అక్కడ సైటు బాగాలేదన్నమాట. తప్పు సైటుదే, మనిషిది కాదు. మా పనిలో మొదటి పాఠం అది.

రెండో పాఠం, సాయం చెయ్యకూడదు. "ఇది నొక్కాలా అండీ?" అని అడిగితే "మీకేమనిపిస్తోంది?" అని ఎదురడగాలి. అవతలి మనిషి చెమటలు కక్కుతున్నా మన మొహంలో ఏమీ కనపడకూడదు. చాలా ఏళ్ళుగా ఇదే పని చేసీ చేసీ, ఇంట్లో కూడా నాకు ఆ మొహమే మిగిలిపోయింది. "నేను మెట్ల మీంచి దొర్లిపడినా నువ్వు నాకేమనిపిస్తోందనే అడుగుతావమ్మా" అంటుంది మా అమ్మాయి పావని. దానికి పద్నాలుగేళ్ళు, నోరు కాస్త ఎక్కువ.

మా ఆయన త్రిమూర్తులు ఇంటి దగ్గర పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతారు. పొద్దున, సాయంత్రం పని, మధ్యాహ్నం ఖాళీ. నేను మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని ఒకరోజు ఆఫీసుకి వచ్చారు. ఆ రోజు రావలసిన యూజరు చెయ్యిచ్చాడు. మా ఆఫీసులో పరిశోధన చూసే డాక్టర్ పరాంకుశం గారు ఆయన్ని చూసి, "మీవారిని కూర్చోబెడదామా సత్యవేణి గారూ?" అన్నారు. లెక్క చేస్తున్నప్పుడు పైకి మాట్లాడుకోవడం మా ఆయనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మాకు కావలసింది సరిగ్గా అదే.

"డాక్టర్ల ఫొటోలెట్టారు. అందరూ నవ్వుతున్నారు. రోగం నాకైతే వీళ్ళకెందుకంత సంతోషం?" అంటూ మొదలుపెట్టారు. "సరే, ఈయన్ని నొక్కాను. ఏం అవలేదు. మళ్ళీ నొక్కాను. ఇంకా నవ్వుతున్నాడు. ఏమే వేణీ, నొక్కాల్సింది ఇదేనా?"

"మీకేమనిపిస్తోంది త్రిమూర్తులు గారూ?"

"గారేంటే కొత్తగా? పొద్దున్న చట్నీలో ఉప్పు లేదన్నందుకా?"

లోపలివాళ్ళకి కనపడకుండా గది అద్దం అవతల కూర్చుని చూస్తున్న మావాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే పరీక్ష చెడుతుంది.

మా పనిలో అసలు చిక్కు ఒకటుంది. ఒక పేజీని ఒక మనిషి ఒక్కసారే మొదటిసారిగా చూడగలడు. రెండోసారికి చెయ్యి దానంతటదే సరైన చోటికి పోతుంది. రెండు నమూనాల్లో ఏది మేలో తేల్చాలంటే ఒకే మనిషి రెండింటినీ కొత్తగానే చూడాలి. అది జరిగే పని కాదు. జరుగుతుందని పరాంకుశం గారు పట్టుబట్టారు. ఆయన మెదడు గురించి చదువుకుని మా వైపు వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. రెండేళ్ళు తలకిందులుగా తపస్సు చేసి ఒక టోపీ తయారుచేశారు. చూడడానికి చలికాలంలో పెట్టుకునే మంకీ క్యాపులా ఉంటుంది, కాకపోతే లోపలంతా సన్నటి తీగలు. "ఎవరికి టోపీ వేద్దామని సార్?" అని ఆఫీసులో అందరూ ఆయన్ని ఏడిపించారు.

ఆ రోజు దాన్ని మా ఆయనకి పెట్టారు. నేను టీ తాగి వచ్చేసరికి తీసేశారు. మళ్ళీ అదే ఆసుపత్రి పేజీ తెరిచారు.

"చూశానని తెలుసండి డాక్టరు గారూ" అన్నారు మా ఆయన తెరకేసి వింతగా చూస్తూ. "నవ్వే డాక్టర్లున్నారని చెప్పగలను కూడా. కానీ చూసినట్టు లేదు. ఎవరో చెబితే విన్నట్టుంది." అని, మళ్ళీ అదే ఫొటో నొక్కి, మళ్ళీ అదే చోట ఆగిపోయారు.

పరాంకుశం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "జ్ఞాపకం జోలికి పోలేదు సత్యవేణి గారూ. రోజూ చూసేది కంటపడితే లోపల 'ఆఁ, ఇదే' అని ఒకటి పలుకుతుంది చూశారా, దాన్ని మాత్రం తుడిచేశాం."

ఆ తర్వాత చాలామందికి టోపీ పెట్టాం. కొందరు తలనొప్పన్నారు, కొందరు ఒకటి రెండుసార్లు వచ్చి మానేశారు. మా ఆయన మాత్రం రోజూ వచ్చేవారు. ఆయన సరదా అది. పైగా అంత మంచి యూజరు మాకు మరొకరు దొరకలేదు, నేనే వరుసగా ఆయన పేరు వేసేదాన్ని. మా సంస్థ చేతిలో పడ్డ సైట్లన్నీ నున్నగా తయారయ్యాయి. నొక్కితే చాలు, పని అయిపోయేది. ఎవరూ ఎక్కడా ఆగేవారు కాదు.

ఆ రోజుల్లో ఆయన చాలా సంతోషంగా ఉండేవారు. ట్యూషన్ అయ్యాక మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్ళి, ఇన్నాళ్ళూ ఈ వీధి ఇంత అందంగా ఉందని గమనించలేదే అనేవారు. కాజా కొరికి పాకం నోట్లో పడగానే కళ్ళు మూసుకుని, పుట్టాక మొదటిసారి తింటున్నట్టు ఆగిపోయేవారు. ఒకసారి నన్ను చూసి, "కొత్త చీరా? భలే నప్పింది నీకు" అన్నారు. అది ఆరేళ్ళనాటి చీర, అంచు కూడా వెలిసిపోయింది. నేను సంబరపడ్డాను. అద్దంలో చూసుకున్నాను కూడా.

ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. తలుపు బార్లా తెరిచే ఉంది. వెళ్ళి చూస్తే గుమ్మం బయట ఆయన. చెప్పులు విప్పలేదు. చేతిలో కూరల సంచి ఉంది.

"లోపలికి రావచ్చా?" అన్నారు.

ఏదో హాస్యమాడుతున్నారనుకుని, "రండి రండి, కూర్చోండి, మంచినీళ్ళిమ్మంటారా?" అన్నాను.

"ఇవ్వండి" అంటూ లోపలికి వచ్చి సోఫా అంచు మీద కూర్చున్నారు. మా ఇంట్లో ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే సరిగ్గా అక్కడే, అలాగే కూర్చుంటారు. నీళ్ళు తాగి గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే ఉన్నారు. అప్పుడు చూశాను ఆయన మొహం. అందులో హాస్యమేమీ లేదు.

"నేనెవరినో తెలుసా మీకు?" అన్నాను.

"అదేం మాటండీ? మీరు సత్యవేణి గారు. నా భార్య. పెళ్ళి సామర్లకోటలో అయింది. మీ నాన్నగారు విస్తళ్ళు సరిపోలేదని కంగారుపడ్డారు." అన్నీ సరిగ్గానే చెప్పారు. చెప్పి, తలదించుకున్నారు. "తెలుసు గానండీ, తెలిసినట్టు లేదు. నాలుగైదు రోజులుగా ఇలాగే ఉంది. మీరు బాధపడతారని చెప్పలేదు."

పావని గదిలోంచి తొంగిచూసి, "నాన్నకేమైంది?" అంది. నేను "ఏం లేదు, చదువుకో" అన్నాను. ఏడుపు వస్తుందేమోనని బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి విప్పి నిలబడ్డాను. రాలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర తరిగాను.

మర్నాడు పరాంకుశం గారు ఆయన్ని చాలాసేపు పరీక్షించారు. తర్వాత టోపీని బీరువాలో పెట్టి తాళం వేసి, నా ముందుకొచ్చి కూర్చున్నారు.

"పేజీ ఏదో ఇల్లేదో టోపీకి తెలియదు కదండీ. నల్లబల్ల మీది సుద్ద ఒక్కటే పోతుందనుకున్నాను. రోజూ తుడిచేసరికి రంగు కూడా లేచిపోయింది. మిగతావాళ్ళకి ఏమీ అవలేదు. మీవారు రోజూ పెట్టుకున్నారు."

"తిరిగొస్తుందా?"

"రావచ్చు. పసిపిల్లలకి ఎలా వస్తుందో అలాగే. రోజూ చూస్తూ, తిరుగుతూ ఉంటే."

"ఎన్నాళ్ళకి?"

ఆయన తాళంచెవి చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. నేను లేచి వచ్చేశాను. పరాంకుశం గారి మీద కోపం రావాలి. మెట్లు దిగుతూ కోపం కోసం చూసుకున్నాను. బరువుగా ఉందంతే, ఇంకేమీ లేదు. దూది మూటలో పడ్డట్టు ఏ దెబ్బా నాకు తగలడం లేదు.

నాకు కావలసింది ఒకటే. నన్ను చూసినప్పుడు మా ఆయన లోపల ఆ 'ఆఁ, ఇదే' మళ్ళీ పలకాలి. ఫలానా సత్యవేణి అని తెలియడం కాదు, నేను నేనే అనిపించాలి. దానికి ఏం చెయ్యాలో తెలియలేదు. తెలియనప్పుడు మనిషి తనకి వచ్చిన పనే చేస్తాడు. నాకు వచ్చిన పని ఒకటే.

ఆఫీసుకి సెలవు పెట్టి, ఆయన వెనకే ఇల్లంతా తిరిగాను. ఎక్కడ ఆగుతున్నారో చూశాను. హాల్లో స్విచ్చుల బోర్డు ముందు ఆగేవారు. ఏది ఫ్యానో ఏది లైటో ఆయనకి తెలుసు, చేతికి తెలియదు. ఒక్కోదాని పక్కన చిన్న బొమ్మ అంటించాను. వంటింట్లో పోపు సామాన్లు స్టీలు డబ్బాల్లోంచి గాజు సీసాల్లోకి మార్చాను. అల్మారాల తలుపులు ఊడదీయించాను. గదుల మధ్య కర్టెన్లు తీసేశాను. బట్టలు, తువ్వాళ్ళు, మందులు, ట్యూషన్ పుస్తకాలు అన్నీ ఎదురుగా, ఎత్తు మీద కాకుండా, చెయ్యి చాస్తే అందేలా పెట్టాను. నడిచే దారికి అడ్డం వచ్చే కుర్చీ మేడ మీదకి పోయింది. పాత చెక్క బీరువా గోడవారకి జరిగింది. ఆయన అడిగేలోపే కాఫీ, వెతికేలోపే కళ్ళజోడు. విసుక్కోలేదు, ఒక మాట తొందరపెట్టలేదు. అడ్డు అనేది ఎక్కడా లేకుండా చేశాను.

అంతా చక్కగా కుదిరింది. మొదట్లో ఆయన గంటకి పది ప్రశ్నలు అడిగేవారు. తువ్వాలు తీసుకోవచ్చా అండీ, ఈ గదిలోకి రావచ్చా అండీ అని. తర్వాత తగ్గాయి. తర్వాత అడగడమే మానేశారు. పొద్దున్నే లేచి, తడుముకోకుండా తన పనులు తను చేసుకుని, పిల్లలకి పాఠాలు చెప్పుకునేవారు. ఇదివరకు లెక్క తప్పితే ఆయన నెత్తిన మొట్టేవారు, ఇప్పుడు "మరోసారి ప్రయత్నిద్దామా?" అంటున్నారని పిల్లల తల్లులు నా దగ్గరికొచ్చి మెచ్చుకున్నారు. మీవారు ఎంత మారారండీ అన్నారు. మారారు అన్నాను.

ఒకసారి పరాంకుశం గారు ఇంటికి వచ్చి అంతా తిరిగి చూశారు. "ఇంతకంటే మంచి డిజైను నేను చూళ్ళేదు సత్యవేణి గారూ. ఎక్కడా ఆగే పని లేదు" అన్నారు. ఆయన మొహంలో కొంచెం తేలిక కనిపించింది. ఆ తేలికతో ఇంటికి వెళ్ళి నిద్రపోయి ఉంటారు.

రాత్రిళ్ళు మా ఆయన మంచానికి ఓ చివర, రైల్లో పై బెర్తు మీద పడుకున్నట్టు ముడుచుకుని పడుకునేవారు. లైటు తియ్యమంటారా అండీ అని అడిగి తీసేవారు. కాఫీ ఇస్తే థ్యాంక్సండీ అనేవారు. మా ఇంట్లో ఒక మనిషి హాయిగా ఉంటున్నాడు, ఏ ఫిర్యాదూ లేదు. నాకు మాత్రం ఏమీ తెలియడం లేదు. కాఫీ వేడి తెలియదు, కూర రుచి తెలియదు. ఆయనకి పెట్టిన టోపీయే నాకూ పెట్టినట్టుంది.

ఈ ఇంటి ఏర్పాటు దేనికీ లొంగనిది పావని ఒక్కతే. బడి నుంచి రాగానే బ్యాగు హాలు మధ్యలో విసిరేసేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆయన దాన్ని తన్నుకుని పడబోయేవారు. మొదట్లో, "ఇది కాస్త పక్కన పెడతావా అమ్మా?" అనేవారు మర్యాదగా. అది పెట్టేది కాదు. బాత్‌రూంలో దూరి రానంటే రానని కూర్చునేది. ఆయన వార్తలు చూస్తుంటే రిమోట్ లాక్కునేది. "నువ్వు కొత్తవాడివని నీకు రిమోట్ ఇవ్వాలా? కొత్తవాళ్ళు ఇచ్చింది చూస్తారు" అనేది. నేను అదిలించేదాన్ని. నాన్నని ఇబ్బందిపెట్టకే అని దానికి ఎన్నిసార్లు చెప్పానో.

ఒకరోజు ఆయన బ్యాగు తగిలి నిజంగానే బోర్లా పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది. "నీకసలు బుద్ధుందా? ఇది ఇల్లా, సంతా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచారు. అది కూడా అంతకంత అరిచింది. "ఎక్కడ పడేస్తానో నీకు తెలుసు కదా, చూసుకుని నడవచ్చుగా!" నేను ఇద్దరి మధ్యకీ వెళ్ళి, బ్యాగు తీసి, మోకాలికి మందు రాసి, సర్దిచెప్పాను. నా పని నేను చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుకుంటున్నారు. పావని దువ్వెన పట్టుకుని ఆయన కుర్చీ పక్కనుంచి వెళ్ళింది. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాచి దాని జడ పట్టుకుని ఒక్క లాగు లాగి వదిలేశారు. "నాన్నా!" అని అది ఓ కేక పెట్టి వెళ్ళిపోయింది. ఆయన పేజీ తిప్పారు.

వాళ్ళిద్దరూ ఏమీ గమనించలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది పుట్టి జడ వేసుకునే వయసొచ్చిన దగ్గర్నుంచీ ఆయన చేసే పని అది. చూడకుండా, ఆలోచించకుండా, చెయ్యి దానంతటదే చేసే పని.

ఆ మధ్యాహ్నం ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "పావనిని చూస్తే మీకేమనిపిస్తోంది?"

"పావనా? దాన్ని చూస్తే ఏమనిపించడమేంటి? పావనిలాగే అనిపిస్తుంది. ఒట్టి రాక్షసి" అని నవ్వారు.

"మరి నేను?"

ఆయన నవ్వు ఆపి, నిజాయితీగా ఆలోచించారు. అబద్ధం చెప్పడం ఆయనకి మొదట్నుంచీ చేతకాదు.

"మీరు చాలా మంచివారండి. మీరుంటే నాకు ఏ ఇబ్బందీ ఉండదు."

నేను సరే అని లేచాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. మా ఆయన టోపీ పెట్టుకున్న రోజుల వీడియోలన్నీ చూపించమని పరాంకుశం గారిని అడిగాను. ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలారు.

"అన్నీ ఒక చోట లేవండి. కొన్ని పక్కన పెట్టేశాం. అవి పాడైన పరీక్షలు."

"పాడవడమంటే?"

"టోపీ పెట్టినా చెరగలేదు. రెండోసారి చూపించినప్పుడు చెయ్యి తిన్నగా సరైన చోటికే పోయింది. అలాంటివి లెక్కలోకి తీసుకోం కదా. మొత్తం సగటు చెడిపోతుంది."

ఆ పాడైన పరీక్షలే పెట్టమన్నాను. చీకటి గదిలో ఇద్దరం కూర్చుని చూశాం. మొదటిది కుళాయి పన్ను సైటు. మా ఆయన దాన్ని నానా మాటలూ అంటున్నారు. ఇది తయారుచేసినవాడి ఇంట్లో వారం రోజులు నీళ్ళు రాకూడదంటున్నారు. రెండోది రేషన్ కార్డు సైటు, బల్ల మీద గుద్దారు. మూడోది పెన్షన్ల సైటు, లేచి వెళ్ళిపోబోయి మళ్ళీ వచ్చి కూర్చున్నారు. ప్రతిదాంట్లోనూ అంతే. ఆయన్ని నిలబెట్టిన పేజీలు, తిట్టించిన పేజీలు ఆయన లోపలే ఉండిపోయాయి. నున్నటి పేజీల్లో ఒక్కటి కూడా మిగల్లేదు.

పరాంకుశం గారు తెర ఆపేసి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇది మన కళ్ళ ముందే ఉంది" అన్నారు. మా పనిలో ఎవరైనా ఇదే చేస్తారు. జనం ఆగిన చోటల్లా చదును చేసుకుంటూ పోతారు. నేను మా ఇంటిని చదును చేశాను, దాంతోపాటే నన్నూ చదును చేసుకున్నాను. ఆయన తన్నుకుని పడి లేచిన మనిషి పావని. ఆయన దాటుకుని పోయే మనిషిని నేను.

అర్థం చేసుకోవడం వేరు, చెయ్యడం వేరు. అడ్డం పడడం నాకు చేతకాలేదు. మొదటి రోజు కూరలో కారం గుమ్మరించాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే తిని, "కాస్త ఘాటుగా ఉందండి, బాగుంది" అన్నారు. రెండో రోజు ఆయన పేపరు దాచాను. లేకపోతే లేదనుకుని పాత పేపరు చదువుకున్నారు. మా పెళ్ళిలో మా పిన్నిని ఆయన అక్క ఏమందో ఎత్తి, కావాలని నిష్ఠూరమాడాను. ఆ గొడవ మేం ఏడాదికోసారైనా పడేవాళ్ళం, ఆయన ఎప్పుడూ వాళ్ళక్కని వెనకేసుకొచ్చేవారు. ఇప్పుడు ఓపిగ్గా విని, "మీరు చెప్పిందే నిజమై ఉంటుందండి. తప్పే" అన్నారు. నా మాటల్లో సత్తువ లేదు. ఆ మాటలు నాకే ఎవరో రాసిచ్చినట్టు వినిపించాయి. పావని నన్ను వింతగా చూసి, "అమ్మా, నీకు పోట్లాడ్డం రాదు" అంది.

బుధవారం సాయంత్రం, పక్క వీధిలో ఒక పిల్లాడికి పరీక్షలని ఆయన వాళ్ళింటికి వెళ్ళి చెబుతానన్నారు. చొక్కా వేసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయల్దేరారు. నేను వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నిజానికి కావాలని నిలబడలేదు, చెత్తబండి వచ్చిందేమోనని చూస్తున్నాను. ఆయన వచ్చి నా వెనక ఆగారు.

ఇన్నాళ్ళూ ఆయన అడుగుల చప్పుడు వినిపించగానే పక్కకి తప్పుకునేదాన్ని. ఆ రోజు తప్పుకోలేదు.

"కొంచెం దారిస్తారా అండీ?"

నేను వెనక్కి తిరిగి ఆయనకేసి చూశాను.

"ఒంట్లో బాగోలేదా? కాసేపు పడుకోండి. వచ్చేటప్పుడు మందేమైనా తెమ్మంటారా?" ఎంతో దయగా అడిగారు. వీధిలో ఎవరికి కళ్ళు తిరిగినా ఆయన అంతే దయగా అడుగుతారు.

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఎక్కడ దాక్కుందో ఇన్ని నెలలూ, అరికాళ్ళ నుంచి పొంగుకుంటూ వచ్చింది. ఆయన మీద, పరాంకుశం గారి మీద, ఆ టోపీ మీద, నా మొహం మీద నాకే. రెండు చేతులూ చాచి గుమ్మానికి అటూ ఇటూ పట్టుకున్నాను.

"వెళ్ళనివ్వను" అన్నాను.

"అదేంటండీ? అవతల పిల్లాడు చూస్తుంటాడు."

"చూడనివ్వండి. చూసీ చూసీ పడుకుంటాడు. అందరి పిల్లలూ కావాలి మీకు. అందరితోనూ ఎంత మంచివారో! నేను మంచిదాన్నా? ఎవరు చెప్పారు మీకు నేను మంచిదాన్నని?" నా గొంతు ఎదురింటిదాకా వినిపించి ఉంటుంది. ఎదురింటావిడ పిట్టగోడ దగ్గరికి వచ్చింది. నాకు సిగ్గు వెయ్యలేదు. "నేను మీ ఇంట్లో పనిచేసే గుమస్తానా, థ్యాంక్సు చెప్పడానికి?"

పావని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి ఆగిపోయింది. ఆయన దానికేసి చూసి, నాకేసి చూశారు. నుదురు చిట్లింది.

"ఇదేం బాగోలేదండీ. నలుగురూ చూస్తున్నారు. చెయ్యి తియ్యండి."

"తియ్యను."

"నేనేం చేశాను మిమ్మల్ని?"

"ఏం చెయ్యలేదు. అదే."

ఆయన నా భుజం పక్కనుంచి దూరబోయారు. నేను అటు జరిగాను. ఇటు రాబోయారు, ఇటు జరిగాను. పుస్తకం కింద పడింది. ఆయన వంగి తీసుకుని లేచేసరికి మొహం ఎర్రబడింది, పెదవులు బిగుసుకున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆ మొహం చూస్తే నాకు భయం వేసేది. ఇప్పుడూ వేసింది.

"చెయ్యి తియ్యమన్నానా!" అని, అండీ గిండీ లేకుండా గట్టిగా అరిచి, నా మణికట్టు పట్టుకుని గుమ్మం మీంచి లాగబోయారు. గాజు చర్మంలోకి ఒత్తుకుంది.

నొప్పి పుట్టింది. ఇన్నాళ్ళకి నాకు నొప్పి తెలిసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగి, బుగ్గల మీంచి జారి, చీర మీద పడ్డాయి. ఆయన పట్టు వదల్లేదు. వదలనూ లేదు, లాగనూ లేదు. నా చెయ్యి అలాగే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా మొహంలోకి చూస్తున్నారు.

నేను గుమ్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.